మిరప సైటుకు యాడ్స్ పెట్టేముందు: మాధవికి పెదనాన్న రాసేది

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. సైటులో యాడ్స్ పెడితే నెలకు ఎంతొస్తుంది, ఉద్యోగం మానేయొచ్చా అని అడిగావు. రెండోదానికి ముందే చెప్పేస్తున్నా, ఇప్పుడే మానొద్దు. మొదటిది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు గనక రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు లెక్క చూద్దాం. యాడ్‌సెన్స్ అంటే మన సైటులో యాడ్స్ వేసి, వచ్చిన డబ్బులో మనకు వాటా ఇచ్చే గూగుల్ ఏర్పాటు. ఆ ఖాతా తెరిచాక నువ్వు రోజూ చూసే అంకె ఆర్‌పీఎం. జనం వెయ్యి పేజీలు చూస్తే నీకు ఎంత వచ్చిందో అది చెబుతుంది. ఇది అందరికీ ఒకేలా ఉండదు, నీకే నెలనెలా మారుతుంది. లెక్క కోసం 40 రూపాయలు అనుకుందాం. ఖాతాలో 100 డాలర్లు పోగైతే తప్ప గూగుల్ డబ్బు పంపదు. మన రూపాయల్లో ఎనిమిది వేల పైమాటే కదా, అంటే జనం రెండు లక్షలకు పైగా పేజీలు చూశాకే నీకు మొదటి చెల్లింపు. నీ సైటుకు ఇప్పుడు రోజుకు ఎంతమంది వస్తున్నారో నీకు తెలుసు, భాగించి చూసుకో. నిన్ను నిరుత్సాహపరచాలని కాదమ్మా, ఈ లెక్క ముందే తెలిస్తే ఆరు నెలలకే విసిగిపోయి సైటు వదిలెయ్యవు.

తెలుగు పేజీకి రేటు తక్కువెందుకంటే, యాడ్ పడే ప్రతిసారీ ఆ జాగా కోసం వెనకాల వేలం నడుస్తుంది. ఇంగ్లీషు పేజీ కోసం పాడే కంపెనీలు ఎక్కువ, తెలుగుకు తక్కువ. అసలు గూగుల్ యాడ్స్ వ్యవస్థలో తెలుగును చేర్చిందే 2018లో. పైగా అదే పేజీని డాలస్‌లో ఉన్న మనవాళ్ళు చూస్తే వచ్చే డబ్బు మధిరలో రైతు చూస్తే రాదు. అలాగని డాలస్ వాళ్ళ కోసం రాయడం మొదలుపెట్టకు. నీకు తెలిసింది మిరప చేను, నిన్ను నమ్మేది ఆ చేలో నిలబడి ఫోన్ తీసే మనిషి.

ఆ మనిషి ఏమని వెతుకుతాడో ఎప్పుడైనా చూశావా? సెర్చ్ కన్సోల్ అని గూగుల్‌దే ఉంది, ఉచితం, ఈ రోజే పెట్టుకో. ఏయే మాటలు కొట్టి జనం నీ పేజీకి వచ్చారో అందులో కనిపిస్తుంది. నువ్వేమో పేజీకి ‘మిరపలో రసం పీల్చు పురుగుల సమగ్ర యాజమాన్యం’ అని పేరు పెట్టావు. యూనివర్సిటీ కరపత్రానికి అది బాగుంటుంది. రైతు అలా వెతకడమ్మా. ‘మిర్చి ముడత మందు’ అని వెతుకుతాడు, అదీ చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. అందుకని పేజీ పేరు రైతు నోటి మాటలోనే పెట్టు. లోపల ఒకచోట ‘mirchi mudatha’ లాంటి ఇంగ్లీషు అక్షరాల మాట కూడా పడేలా చూడు. నువ్వు చదువుకున్న సైన్సంతా లోపల ఎలాగూ ఉంటుంది.

ఆ ముడత పేజీ గురించే ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే నీ సైటులో అన్నిటికన్నా డబ్బు తెచ్చేది అదే అవుతుందని నా నమ్మకం. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ తేడా తెలియక ఒకదానికి కొట్టాల్సిన మందు ఇంకోదానికి కొట్టి డబ్బు తగలేసుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నువ్వు రెండు ఆకులు కోసి, అరచేతిలో పక్కపక్కన పెట్టి, ఎండ నేరుగా పడకుండా ఫోటో తియ్యి. పైన ఆ ఫోటో, దాని కింద రెండంటే రెండు వాక్యాలు, ఆ తర్వాతే మిగతాదంతా. ఎక్కడి నుంచో దింపిన బొమ్మ వద్దు, కాపీరైటు గొడవ ఒకటి, అది మన నేల మీద పండిన ఆకు కాకపోవడం ఇంకొకటి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాలగొట్టినప్పుడు రైతులు ఫోన్లు పట్టుకుని ఎంత వెతికారో గుర్తుందిగా. అప్పుడు నీ దగ్గర ఆ పేజీ ఉండుంటే యాడ్స్ సంగతి అటుంచు, కొన్ని చేలైనా నిలబడేవి.

నా సైటు అడంగల్, పహాణీ, ఈసీ లాంటి భూమి కాగితాల గురించి కదా. అందులో నాకు ఏళ్ళ తరబడి డబ్బు తెస్తున్నవి గుప్పెడు పేజీలే, మిగతావి వాటి నీడన బతుకుతున్నాయి. ఆ గుప్పెడు పేజీలనూ మాత్రం నేను వదలను. తెలంగాణలో 2025 ఏప్రిల్లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి రాగానే కూర్చుని ఒక్కో పేజీ తిరగరాశాను, ఫోటోలు మార్చాను, పైన తేదీ వేశాను. జనం మళ్ళీ రావడానికి అదే కారణం. నువ్వు కూడా వారానికో కొత్త పేజీ అని లెక్క పెట్టుకోకు. నారు పోసే రోజుల్లో నారుమడి పేజీ, నాట్లప్పుడు నాట్ల పేజీ, కోతలకు ముందు కల్లం పేజీ అలా ఒక్కోదాన్నీ ఆ సీజనుకు నెల ముందే బాగుచేసి ఉంచు. గుంటూరు యార్డులోనూ ఖమ్మం, ఎనుమాముల మార్కెట్లలోనూ సరుకు దిగే రోజుల్లో ధరల కోసం జనం ఎగబడతారు. కానీ ధరల పేజీ రోజూ మార్చగలిగితేనే పెట్టు. నిన్నటి ధర చూసి సరుకు ఆపుకున్న రైతు ఇక నీ ముఖం చూడడు.

ఒక సాంకేతిక విషయం చెప్పాలి, డీటీపీ చేసిన వాణ్ణి గనక నా కంట్లో పడింది. మీ ఆఫీసులో టైప్ చేయించి పెట్టిన పాత వ్యాసాలు కొన్ని అను ఫాంటులో ఉన్నాయి, అది డీటీపీ వాళ్ళ పాత ఫాంటు, ఆ ఫాంటు లేని ఫోన్లో తెలుగుగా కనిపించదు. సైటులో అవి తెలుగులా కనిపించాలని బొమ్మలుగా మార్చి ఎక్కించావు. బొమ్మలో ఉన్న అక్షరాలు వెతికేవాళ్ళకు దొరకవు, యాడ్‌సెన్స్ వాళ్ళకు అది ఖాళీ పేజీ కిందే లెక్క. అన్ని ఫోన్లలోనూ తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక వత్తులూ పొల్లులూ చెడతాయి కాబట్టి ఒకసారి పూర్తిగా చదివి దిద్దుకో. ఇది కానిచ్చాకే యాడ్‌సెన్స్‌కు అప్లై చెయ్యి. ‘మీ గురించి’ పేజీ, ప్రైవసీ పాలసీ పేజీ కూడా ఉండాలి. మొదటిసారి తిప్పి పంపితే టెన్షన్ పడకు, చాలామందికి జరిగేదే, పేజీలు బలపడ్డాక మళ్ళీ పెట్టొచ్చు.

ఏఐతో రోజుకు పది వ్యాసాలు రాయించి పెట్టేయమని ఎవరో చెప్పారన్నావు. వద్దే వద్దు. మనుషులకు పనికొచ్చేలా కాకుండా సెర్చ్‌లో పైకి రావడానికి గుట్టలుగా పోసే పేజీలను స్పామ్‌గా చూస్తామని గూగుల్ 2024 మార్చిలోనే నిబంధన పెట్టింది. దానికన్నా పెద్ద సంగతేమిటంటే, పురుగుమందు మోతాదు తప్పు రాస్తే నష్టపోయేది ఒక కుటుంబం. ఇప్పుడు సెర్చ్ పేజీ మీదే ఏఐ జవాబు చెప్పేస్తోంది కాబట్టి అందరూ రాసే మామూలు సమాచారానికి ఇక క్లిక్కులు తగ్గుతాయి. నీ చేలో నువ్వు తీసిన ఫోటో, ఈ ఏడాది మీ మండలంలో ఏ పురుగు ముందొచ్చింది, ఏ రకం తట్టుకుంది, ఇవి దానికి ఎక్కడి నుంచీ దొరకవు.

ఇక యాడ్స్ ఎక్కడ పెట్టాలన్నది. ఆటో యాడ్స్ అని ఒకటుంది, నొక్కితే గూగులే ఎక్కడపడితే అక్కడ దూర్చేస్తుంది. వాడుకో గానీ ఎన్ని పడాలో తగ్గించే బటన్ అందులోనే ఉంది, దాన్ని బాగా వెనక్కి జరుపు. పేజీ మారేటప్పుడు తెరంతా కప్పేసే రకం యాడ్‌ను ఆపెయ్యి. ఫోటోకూ దాని వివరానికీ మధ్య యాడ్ పడకూడదు. ఫోన్ చేసే బటన్ పక్కన అసలే పడకూడదు, వేలు జారి నొక్కితే అవి చెల్లని క్లిక్కుల కింద పోతాయి, పైగా నీ ఖాతాకే ప్రమాదం. మందుల షాపు ముందు నిలబడి పాత ఫోన్లో, బలహీనమైన సిగ్నల్లో రైతు నీ పేజీ తెరుస్తాడు, అది మనసులో పెట్టుకుని ఒకసారి నువ్వే అలా తెరిచి చూడు.

క్లిక్కుల మాట వచ్చింది గనక చెప్తున్నా, ఇది చాలా ముఖ్యం. మీ అమ్మ మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో ‘మా మాధవి సైటు, అందరూ వెళ్ళి యాడ్స్ నొక్కండి’ అని పెట్టకుండా చూసుకో. ప్రేమతోనే పెడుతుంది, ఆ ప్రేమకు ఖాతా ఎగిరిపోతుంది. నీ యాడ్ నువ్వు నొక్కకూడదు, ఎవరినీ నొక్కమనకూడదు. ఖాతా మూసేస్తే అందులో ఉన్న డబ్బు కూడా నీకు రాదు, యాడ్ ఇచ్చినవాళ్ళకు వెనక్కి వెళ్తుంది, ఇంకో ఖాతా తెరవనివ్వరు కూడా. సైటు చూడమని చెప్పొచ్చు, చదవమని చెప్పొచ్చు, అంతవరకే.

అసలు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇప్పుడు వస్తోంది. సైటు కాస్త పేరు తెచ్చుకోగానే ఇద్దరు నీ దగ్గరికి వస్తారు. ఒకడు బెట్టింగ్ యాప్ వాడు. గూగుల్ ఏడాదికి ఇచ్చేది నెలకే ఇస్తానంటాడు. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను కూడా నిషేధిస్తూ చట్టం తెచ్చింది. చట్టం లేకపోయినా కాదనాల్సిందే, మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చిన వారానికే ఊళ్ళో కుర్రాళ్ళు ఏం చేస్తున్నారో నీకు నేను చెప్పాలా. యాడ్‌సెన్స్‌లో కూడా కొన్ని రకాల యాడ్స్‌ను నువ్వే ఆపుకునే వీలుంది, మొదటి రోజే లోపలికెళ్ళి ఆ సెట్టింగులు చూసుకో.

రెండోవాడు మర్యాదస్తుడు, అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. పురుగుమందుల కంపెనీ తరఫున వస్తాడు. యాడ్ అని వేయక్కర్లేదు మేడమ్, ముడత పేజీలో మా మందు పేరు ఒక్క వాక్యంలో రాయండి చాలు అంటాడు. ఆ ఒక్క వాక్యం అమ్మొద్దు. నీ పేజీల్లో ఎప్పుడూ బ్రాండు పేరు రాయకు, ఫిప్రోనిల్ అంటే ఫిప్రోనిల్ అనే రాయి, సీసా మీద టెక్నికల్ పేరు, అంటే లోపలి అసలు మందు పేరు, ఎక్కడ ఉంటుందో ఫోటోతో చూపించు. షాపువాడు ఏ కంపెనీది చేతిలో పెట్టినా రైతు చదివి పోల్చుకోగలగాలి. తెగుళ్ళ పేజీల్లో ఏ మందుల కంపెనీ డబ్బూ నేరుగా తీసుకోనని సైటులో రాసిపెట్టు. ఆ ఆదాయం పోతుంది, పోనీ. పిల్లా, ఆ పేజీ మీద నమ్మకం ఒక్కసారి పోతే మిగతా వంద పేజీలు కూడా ఎవరూ తెరవరు.

మరి నేరుగా ఎవరి దగ్గర తీసుకోవచ్చంటే, చాలామందే ఉన్నారు, నిజం చెప్పాలంటే నీకు అసలు ఆదాయం ఇక్కడే ఉంది. షేడ్‌నెట్ నర్సరీలవాళ్ళు, డ్రిప్ డీలర్లు, కల్లంలో కాయ ఆరబోసే పట్టాలు అమ్మేవాళ్ళు, గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలవాళ్ళు. వీళ్ళకు కావాల్సింది మిరప రైతు, నీ దగ్గరికి వచ్చేది మిరప రైతే. క్లిక్కుల లెక్క చెప్పకు, వాళ్ళకు ఎక్కదు. నాట్ల సీజనుకు ఇంత, కోతల సీజనుకు ఇంత అని ఒకే మొత్తం చెప్పు, సగం ముందు తీసుకో, బిల్లు ఇవ్వు. పైన ‘ప్రకటన’ అని స్పష్టంగా రాయి, వాళ్ళ సైటుకు లింకు ఇస్తే దానికి ఇది డబ్బు తీసుకుని ఇచ్చిన లింకు అని గూగుల్‌కు చెప్పే స్పాన్సర్డ్ ట్యాగ్ తగిలించు, లేకపోతే గూగుల్ దాన్ని కొనుక్కున్న లింకుగా పట్టుకుంటుంది. నర్సరీ యాడ్ వేసేముందు ఆ నర్సరీకి వెళ్ళి నారు చూసి రా. నువ్వు కొనని నారు నీ సైటులో ఉండకూడదు.

మిగతావి కాగితాల పనులు. ఖాతాలో 10 డాలర్లు చేరగానే గూగుల్ నీ అడ్రసుకు పిన్ నంబరుతో ఉత్తరం పంపుతుంది, మామూలు పోస్టులో. మీ ఊళ్ళో డోరు నంబరు చూసి ఎవరూ ఉత్తరం ఇవ్వరు కాబట్టి అడ్రసులో కేరాఫ్ అని మీ నాన్న పేరు రాయి, పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచు. ఆ పిన్ ఎక్కించడానికి నాలుగు నెలలే గడువు, దాటితే యాడ్స్ ఆగిపోతాయి. డబ్బు సాధారణంగా నెలలో 21, 26 తేదీల మధ్య పంపుతారు, అది విదేశీ చెల్లింపుగా బ్యాంకుకు వస్తుంది. మీ ఊరి బ్రాంచికి విదేశీ డబ్బు రావడానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ లేకపోవచ్చు, అప్పుడు వాళ్ళు ఏ బ్రాంచి కోడ్ వాడాలంటారో మేనేజర్‌తో కాగితం మీద రాయించుకో. ఎంత వచ్చినా రిటర్నులో చూపించు. జీఎస్టీ సంగతి ఆదాయం 20 లక్షల దరిదాపులకు వచ్చినప్పుడు సీఏని అడుగుదాం.

అన్నిటికన్నా ముందు నీ పేరు సరిచూసుకో. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పాస్‌బుక్కులో పొడి అక్షరమే ఉందని నాకు గుర్తు. యాడ్‌సెన్స్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంటే డబ్బు వెనక్కి పోతుంది, దాన్ని మళ్ళీ రప్పించుకోవాలంటే చాలా తిప్పలు. ఈ సోమవారమే ఆధార్, పాన్ రెండూ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి పేరు మార్పించు, అప్లికేషన్ ఆ తర్వాతే. ముడత పేజీ తిరగరాసి ఫోటో పెట్టాక నాకు లింకు పంపు, చదివి చెప్తాను.

మీ పెదనాన్న