పాత అమెరికా బంగారు నాణెం: పాప చదువు డబ్బుతో వద్దు

ప్రశ్న: డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 1834కు ముందు నాటి అయిదు డాలర్ల బంగారు నాణేలంటే నాకు ప్రాణం. ఆరేళ్ల తర్వాత పాప కాలేజీకని దాచిన 30 వేల డాలర్లతో కొనవచ్చా? బంగారమే కాబట్టి నష్టం రాదని అమ్మే వ్యాపారి అంటున్నాడు.

జవాబు: ఆ మాట నమ్మకండి. మీరు చెప్పిన అయిదు డాలర్ల నాణెం పేరు ‘హాఫ్ ఈగిల్’. దాని బరువు 8.75 గ్రాములు, 22 క్యారెట్లు. అంటే అందులో మేలిమి బంగారం ఎనిమిది గ్రాములే. మీరు చెల్లించే ధరలో ఎక్కువ భాగం అరుదుతనానికే పోతుంది. బంగారం పెరిగినంత మాత్రాన ఆ భాగం పెరగాలని లేదు.

ఈ నాణేలపై మీ ఇష్టం మాత్రం నాకు బాగా అర్థమవుతుంది. 1792 చట్టం ఒక పాలు బంగారానికి 15 పాళ్ల వెండి అని లెక్క కట్టింది. ఫ్రాన్స్‌లో అది 15.5, అంటే అక్కడ అదే బంగారానికి ఎక్కువ వెండి వచ్చేది. దాంతో ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైన బంగారం ఓడలెక్కి వెళ్లి కరిగిపోయింది. 1834లో కొత్త నాణేల్లో బంగారం తగ్గించాక, పాతవాటిలో బంగారం విలువ నాణెంపై ఉన్న విలువను మించడంతో, మిగిలినవీ కొలిమిలోకే వెళ్లాయి. 1822లో 17,796 హాఫ్ ఈగిల్స్ ముద్రించినట్లు లెక్క ఉంది. ఇప్పుడు ఆ సంవత్సరానివి మూడే తెలుసు. రెండు స్మిత్సోనియన్‌లో ఉన్నాయి. మూడోది 2021 వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది. మీ 30 వేలకు వచ్చే నాణేలు ఆ కోవలోవి కావు.

కొనేటప్పుడు చిల్లర ధర ఇస్తారు, వ్యాపారికి అమ్మేటప్పుడు టోకు ధరే వస్తుంది. వేలంలో కొంటే పాట ధరపై దాదాపు 20 శాతం రుసుము అదనం. లాభం వచ్చినా, ఇలాంటి సేకరణ వస్తువులపై దీర్ఘకాల ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది. షేర్లపై గరిష్ఠంగా 20 శాతమే. మధ్యలో వడ్డీ ఉండదు. పాప డబ్బు చదువు కోసమే ఉద్దేశించిన 529 పొదుపు ఖాతాలో పెట్టండి, అర్హమైన చదువు ఖర్చులకు తీసుకుంటే ఫెడరల్ పన్ను పడదు.

ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టాక ఇంకా మిగిలితే, ఒక్క మంచి నాణెం కొనుక్కోండి. నాణేలు అసలువో కావో తేల్చే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ సంస్థ పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినదే తీసుకోండి. దానిపై నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూడండి. ఒకప్పుడు వీటిని నగల్లో పొదిగేవారు. అంచున టంకం జాడ ఉన్నవి, రుద్ది మెరిపించినవి చవగ్గా దొరుకుతాయి, తిరిగి అమ్మడం కష్టం. మీరు కూడా ఎప్పుడూ తుడవకండి.

ఇంటి బీమాలో నాణేలకు పరిమితి చాలా తక్కువ కాబట్టి విడిగా పాలసీ తీసుకోండి. రసీదు, సీలు నంబరు, ఎవరికి అమ్మాలో రాసిన కాగితం మీ జీవిత భాగస్వామికి ఇవ్వండి. అది లేకుండా నాణెం ఏ నగల దుకాణానికో చేరితే, వాళ్లు తూకం వేసి ఎనిమిది గ్రాముల ధరే ఇస్తారు.