పెట్రోల్ ప్రెషర్ గేజ్‌లో 2.2 బార్ వస్తే ఫ్యూయల్ పంపు పోయినట్టేనా?

బ్రదర్, మీ పెట్రోల్ కారుకి ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ రావాల్సిన చోట 2.2 వస్తోందని, మెకానిక్ ఫ్యూయల్ పంపు (ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోల్ తోసేది) మార్చేద్దామంటున్నాడని రాశారు కదా, ఒక్కరోజు ఆగండి. నేను ఆగకుండా తొమ్మిది వేలు వదిలించుకున్నాను.

రెండేళ్ల కింద వానాకాలంలో ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్తుంటే నా కారు లాగడం మానేసింది. ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ నొక్కితే మూలుగుడే తప్ప కదలిక లేదు. గ్యారేజీలో గేజ్ పెడితే 2.1. పంపు వీక్ అన్నారు, సరే అన్నాను. కొత్త పంపు, ఫిల్టర్ వేశాక మళ్లీ గేజ్ పెడితే 2.3!

అప్పుడు మా బావమరిది (ఆటో ఎలక్ట్రీషియన్, ముందే వాణ్ని పిలవాల్సింది) మల్టీమీటర్ తెచ్చి వెనక సీటు ఎత్తాడు. పంపు కనెక్టర్ పీకి చూస్తే 12 వోల్టులు బాగానే ఉన్నాయి. గ్యారేజీ వాళ్లూ అంతవరకే చూశారు. వీడు కనెక్టర్ మళ్లీ పెట్టి, ఇంజన్ నడుస్తుండగా దాని వెనక నుంచి సన్న పిన్ను దూర్చి కొలిచాడు. 9.4. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 13.9. లోడు లేనప్పుడు వైరులో ఒక్క పోగు మిగిలున్నా మీటరు 12 చూపిస్తుంది, పంపు కరెంటు లాగినప్పుడే దాని బండారం బయటపడుతుంది. ఇక పంపు ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మీటరు పెడితే 3.9 వచ్చింది, అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి. సైడ్ ప్యానెల్ ఊడదీస్తే ఎర్త్ బోల్టు కింద రింగు పచ్చగా చిలుం పట్టి, వేలితో తోస్తే గుండ్రంగా తిరుగుతోంది, కార్పెట్ కింద వాన నీళ్లు చేరి ముక్క వాసన. గరుకు కాగితంతో రుద్ది కొత్త రింగు వేసి బిగిస్తే ముల్లు 3 మీదకొచ్చి నిలబడింది. ఖర్చు టీలతో కలిపి వంద కూడా కాలేదు.

మీదీ ఇదే రోగం అని నేననను. వోల్టేజీ సరిగ్గా ఉంటే అప్పుడు ఫిల్టర్, ట్యాంకులో పంపు కింద ఉండే జాలీ చూడండి. ఇంకోటి, మీది రిటర్న్ పైపు (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి వెనక్కి పంపేది) ఉన్న పాత మోడల్ అయితే ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కి ఇంజన్ నుంచి వాక్యూమ్ పైపు వస్తుంది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు) అర బార్ దాకా తక్కువ చూపించడం దాని సహజం. ఆ పైపు పీకితే 3కి ఎక్కాలి. పీకినప్పుడు లోపల పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగిందని అర్థం, పంపుని తిట్టుకోకండి. రిటర్న్ పైపు రబ్బరుదైతే ఒక్క క్షణం నొక్కండి, ముల్లు పైకి దూకిందంటే పంపులో సత్తా ఉంది. ప్లాస్టిక్ పైపు మాత్రం నొక్కొద్దు, పగులుద్ది.

పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోందన్నారు కదా, దానికి ఇంజన్ ఆపాక గేజ్ చూడాలి. మెల్లగా దిగితే ఫర్వాలేదు, రెండు నిమిషాల్లో సున్నాకి పడితే పంపులోని చెక్ వాల్వో (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది), రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో.

గేజ్ బిగించే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి, లేకపోతే పెట్రోల్ మొహాన కొడుతుంది. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు. డీజిల్ కార్ల వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీరు గేజ్ జోలికి పోవద్దు, కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే గొట్టం) ఐడిల్‌లోనే వందల బార్ల ప్రెషర్, నడుస్తుండగా పైపు లూజు చేస్తే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌లోనే చూడండి.

ఇంజన్ నడుస్తుండగా పంపు దగ్గర ఎన్ని వోల్టులో, ఆపిన పది నిమిషాలకి ముల్లు ఎక్కడుందో, రిటర్న్ పైపు ఉందో లేదో రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.