ఫోన్ హాట్‌స్పాట్ మీద రిమోట్ డెస్క్‌టాప్ నత్తనడక: నా సమాధానం

అన్నా, హన్మకొండ నుంచి పరకాల షాపు సిస్టమ్‌ను హాట్‌స్పాట్ మీద చూస్తుంటే మౌస్ రెండు సెకన్లు ఆలస్యంగా కదులుతోందన్నావు కదా, ఇప్పుడే సాఫ్ట్‌వేర్ మార్చకు, దూరంలోని కంప్యూటర్‌ను చూపించే నీ ఎనీడెస్క్ సాఫ్ట్‌వేర్‌నే ఉంచి డిస్‌ప్లే సెట్టింగుల్లో క్వాలిటీ తగ్గించి స్పీడ్ వైపు పెట్టు, అవతలి వాల్‌పేపర్ కూడా తీసెయ్. చిన్న విషయం అనుకుంటాం గానీ, మా కాజీపేట ఆఫీసులో సార్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్న పెళ్లి ఫొటో తీసేసి నల్ల రంగు పెట్టాకే బిల్లింగ్ స్క్రీన్ కదిలింది!

విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ స్లో నెట్‌కు ఇంకా నయం, ఎక్స్‌పీరియెన్స్ ట్యాబ్‌లో బాగా స్లో నెట్ కోసం 56 కేబీపీఎస్ మోడెమ్ ఆప్షన్ కూడా ఉంది. కానీ అవతలి సిస్టమ్‌లో విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే పనిచేయదు, షాపులోనూ సిమ్ నెట్టే అయితే పబ్లిక్ ఐపీ (బయటి నుంచి ఆ సిస్టమ్‌ను నేరుగా చేరే నెట్ అడ్రస్) సాధారణంగా రాదు కాబట్టి వీపీఎన్ (రెండు సిస్టమ్‌లను నెట్ మీద కలిపే ప్రైవేటు దారి) పెట్టుకోవాలి. ఈ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (కనెక్షన్ లోపలికి వచ్చే తలుపు లాంటిది) మాత్రం ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకు.