క్యాండిడేట్ అంటే గుర్తింపు వచ్చినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది, వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం కూడా వచ్చేసింది. ‘రీజనల్ అక్రెడిటేషన్ ఉందండీ, బెంగ లేదు’ అంటున్నారు కన్సల్టెన్సీవాళ్లు. యూనివర్సిటీ వెబ్‌సైట్లో మాత్రం ‘క్యాండిడేట్’ అని ఉంది. రొయ్యల పట్టుబడి అవగానే ఫీజు కట్టాలి. కట్టెయ్యమంటారా?
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: ఇప్పుడే కట్టకండి. క్యాండిడేట్ అంటే గుర్తింపు (అక్రెడిటేషన్) కోసం వరుసలో నిలబడ్డ సంస్థ. ఇంకా రాలేదు, రాకపోనూవచ్చు. ఐ-20 చూసి ధైర్యపడకండి. అది విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఉన్న సంస్థ ఇచ్చే పత్రం మాత్రమే. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ కూడా ఐ-20లు ఇచ్చింది, అక్రెడిటేషన్ లేదు. 2011లో అది మూతపడితే మన తెలుగు పిల్లలు కొందరి కాళ్లకు ఇమ్మిగ్రేషన్ అధికారులు జీపీఎస్ పట్టీలు కట్టారు.

మన న్యాక్‌లాగా అక్కడ ప్రభుత్వ సంస్థ గ్రేడివ్వదు. గుర్తింపునివ్వడానికి, ఒకప్పుడు ప్రాంతాలవారీగా పంచుకున్న ఏడు ప్రైవేటు కమిషన్లున్నాయి. 2020లో ఫెడరల్ విద్యాశాఖ ఆ ప్రాంతాల హద్దులు ఎత్తేసినా ‘రీజనల్’ అన్న మాట పోలేదు. యూనివర్సిటీ ముందు అర్హత నిరూపించుకుని క్యాండిడేట్ అవుతుంది. తర్వాత అధ్యాపకులు, పిల్లల ఫలితాలు, ఆడిట్ లెక్కలతో తన మీద తానే నివేదిక రాసుకోవాలి. వేరే యూనివర్సిటీలవాళ్లు బృందంగా వచ్చి అది నిజమో కాదో చూస్తారు. చివరికి కమిషన్ తేలుస్తుంది. ఇదంతా ఏళ్ల పని.

వచ్చాక కూడా శాశ్వతం కాదు. ఏటా లెక్కలు పంపాలి. పూర్తి తనిఖీ ఆ ఏడింటిలో హయ్యర్ లెర్నింగ్ కమిషన్‌లో పదేళ్లకోసారి, నార్త్‌వెస్ట్ కమిషన్‌లో ఏడేళ్లకోసారి. డబ్బు కటకటలాడినా, ముందస్తు అనుమతి లేకుండా కొత్త బ్రాంచి తెరిచినా చిక్కే. ముందు హెచ్చరిక, ఆపైన ప్రొబేషన్ (లోపాలు సరిదిద్దుకోమని పెట్టే గడువు), తర్వాత ‘ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండి’ అనే నోటీసు. ప్రొబేషన్‌లో ఉన్నా గుర్తింపు ఉన్నట్టే, కానీ రెండేళ్ల కోర్సులో చేరేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎందుకంటే గుర్తింపు లేని చోట చదివితే 24 నెలల స్టెమ్ ఓపీటీ పొడిగింపు (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవాళ్లు అక్కడ ఇంకొన్నాళ్లు పనిచేసే అనుమతి) రాదు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా)లో మాస్టర్స్‌వాళ్లకు విడిగా ఉంచిన 20,000 కోటాకైతే పట్టా వచ్చేనాటికే గుర్తింపో, విద్యాశాఖ ఒప్పుకున్న ప్రీ-అక్రెడిటేషనో (గుర్తింపుకు ముందటి హోదా) ఉండాలి. పైగా అది ప్రభుత్వ యూనివర్సిటీయో, లాభాపేక్ష లేనిదో అయ్యుండాలి. లాభాల కోసం నడిపేదైతే గుర్తింపు ఉన్నా ఆ కోటా వర్తించదు. ఈ సంగతి కన్సల్టెన్సీలు అరుదుగా చెబుతాయి.

అమెరికా విద్యాశాఖవారి ‘డ్యాపిప్’ వెబ్‌సైట్లో యూనివర్సిటీ పేరు కొట్టి చూడమనండి అబ్బాయిని. ఏ కమిషన్, ఇప్పటి హోదా ఏమిటి, తర్వాతి తనిఖీ ఎప్పుడు అన్నవి రాసుకోండి. ఆ కమిషన్ సొంత సైట్లో కూడా ఇదే హోదా ఉందో లేదో సరిచూడండి. అక్కడ కూడా ‘క్యాండిడేట్’ అనే ఉంటే, ఈ సీటు వదిలి గుర్తింపున్నచోట వచ్చే సెమిస్టర్‌కి దరఖాస్తు పెట్టించండి.