ముందు పేజీకి ఎక్కని ఆరు మార్కులు

మిర్యాలగూడ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే, వెనక నుంచి మీ నాన్న "రేపు నేనే బడికొచ్చి అడుగుతా" అనడం వినపడింది. ఆయన్ని రావద్దని చెప్పు. పెద్దవాళ్లు వచ్చి గొంతు పెంచితే మార్కుల సంగతి పక్కకు పోయి పంతాలు మొదలవుతాయి. నువ్వే అడుగు.

నీ లెక్కల పేపర్ లోపలి పేజీలో ఆరు మార్కులు పడ్డాయి, మొత్తం వేసే ముందు పేజీకి ఎక్కలేదు, 67 రావాల్సింది 61 అయింది. అంతే కదా! ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దినదాన్ని, ఇదెలా జరుగుతుందో నాకు తెలుసు. రాత్రి పదింటికి, అరవయ్యో పేపర్ దగ్గర, అడిషనల్ షీట్ వెనక్కి తిప్పడం మరిచిపోతాం. 2019లో ఇంటర్ తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది, మళ్లీ చూశాకే సరిచేశారు. కాబట్టి సారుకు నీ మీద కోపమని మాత్రం అనుకోకు.

పేపర్ మీద పెన్ను కాదు కదా, పెన్సిల్ కూడా పెట్టకు. ఎవరైనా మార్కులు అడగడానికి వస్తే నేను మొదట చూసేది సిరా రంగే. ఒక్కసారి అనుమానం వచ్చిందంటే నువ్వేం చెప్పినా నమ్మబుద్ధి కాదు. ప్రశ్నల వారీగా మార్కులు వేరే కాగితం మీద రాసుకుని రెండుసార్లు కూడి చూసుకో.

క్లాసులో అందరి ముందు అడగొద్దు. ఒకసారి ఒక పిల్లవాడు నిండు క్లాసులో లేచి "మేడం, టోటల్ తప్పేశారు" అన్నాడు. వాడన్నది నిజమే. అయినా నాకు తల కొట్టేసినట్టై "కూర్చో" అని గద్దించాను. సాయంత్రం పేపర్ తీసి మూడు మార్కులు కలిపాను. కానీ ఆ ఏడాదంతా వాడు నన్ను ఒక్క డౌటూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

చివరి బెల్ కొట్టాక స్టాఫ్‌రూమ్ దగ్గరికి వెళ్లు. "సార్, పదిహేనో ప్రశ్నకు లోపల ఆరు ఉన్నాయి, ముందు పేజీలో కనిపించలేదు. ఒకసారి చూస్తారా?" అని, ఆ పేజీ తెరిచి చేతికివ్వు. ఆయన చూస్తున్నంతసేపూ మాట్లాడకు. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించకముందే వెళ్లు, ఆ తర్వాత మార్చడం ఆయనకూ తలనొప్పే.

పనిలో పనిగా స్టెప్పుకు అర మార్కు తగ్గిందని బేరం పెట్టకు. అది ఆయన నిర్ణయం. "ఇక్కడ ఇంకేం రాయాల్సింది సార్" అని మరో రోజు అడుగు. ఎక్కడైనా ఎక్కువ పడి ఉంటే అదీ నువ్వే చూపించు. వినకపోతే రెండు రోజులాగి మళ్లీ అడుగు, హెడ్మాస్టర్ దగ్గరికి ఆ తర్వాతే.

బోర్డు పరీక్షల్లో దిద్దినవాళ్లెవరో మనకు తెలియదు. గడువులోపు ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి. రీకౌంటింగ్‌లో కూడిక మాత్రమే చూస్తారు. దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందనుకుంటే రీవెరిఫికేషన్ పెట్టాలి.

శనివారం దేవరకొండ బస్సెక్కి వస్తున్నా. ఆ పేపర్ దాచి ఉంచు, పదిహేనో లెక్క నువ్వు చేసిన పద్ధతి నేను చూడాలి.

మీ పెద్దమ్మ