కోమో భవనాల మీద పడింది, ఇటలీ పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బి.ఆర్క్ నాలుగో సంవత్సరం. ఇటలీలో కోమో అనే ఊళ్ళో 1930ల నాటి రేషనలిస్టు (అలంకారాలు లేని, లెక్కగా గీసిన సాదా శైలి) భవనాలట, వాటి మీద పడింది. పాత భవనాలు, పాత పేటల పునరభివృద్ధి మీద పీజీ అక్కడే చేస్తానంటోంది. తొంభై ఏళ్ళ కాంక్రీటు పెట్టెల చదువుకు ఉద్యోగం ఉంటుందా? సివిల్‌లో పీజీ చేయించమని మా బావమరిది అంటున్నాడు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు పెట్టెలన్నారు చూడండి, ఆ పెట్టెలు ఇప్పుడు మరమ్మతుకొచ్చాయి. ఉద్యోగం అక్కడే ఉంది. అమ్మాయి ఆ భవనాల అందం చదవడానికి వెళ్తానంటే రెండుసార్లు ఆలోచించండి. వాటిని బాగుచేసి మళ్ళీ వాడుకలోకి తేవడం నేర్చుకుంటానంటే పంపొచ్చు.

ఆమెను పట్టుకున్న భవనం బహుశా కాసా దెల్ ఫాషో అయి ఉంటుంది. జుసెప్పె తెర్రాన్యి అనే ఆర్కిటెక్టు డిజైన్, 1932–36లో కట్టారు. ప్లాను 33.2 మీటర్ల చదరం, ఎత్తు సరిగ్గా అందులో సగం, 16.6 మీటర్లు. లోపల కాంక్రీటు ఫ్రేమ్, పైన బొత్తిచీనో రాతి పలకల తొడుగు. కట్టింది ఫాసిస్టు పార్టీ ఆఫీసుగా. యుద్ధం తర్వాత చేతులు మారి, 1957 నుంచి ఆర్థిక నేరాల పోలీసు విభాగం అందులో ఉంటోంది. ఈ రాజకీయ చరిత్రను దాటేసి వట్టి రేఖాగణితాన్ని పొగుడుతూ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే దరఖాస్తు వ్యాసం) రాస్తే, చదివే ప్రొఫెసర్‌కు మొదటి పేరాలోనే విసుగొస్తుంది.

ఆ కాలపు కాంక్రీటు ఎందుకు పాడవుతుందో అమ్మాయికి చెప్పడం వచ్చా, అడిగి చూడండి. ఇనుప కమ్మీ మీద కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీటు పొర, చాలాచోట్ల సెంటీమీటరో, రెండో ఉండేది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దశాబ్దాల పాటు లోపలికి ఇంకి, కాంక్రీటులోని క్షారగుణాన్ని తగ్గిస్తుంది. కమ్మీకి ఉన్న రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కవర్‌ను పెచ్చులుగా ఊడగొడుతుంది. పరీక్ష సులువే: అప్పుడే పగలగొట్టిన ముక్క మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం కొడితే, బాగున్న భాగం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, పాడైన భాగం రంగు మారదు. రంగు మారని లోతు కమ్మీ దాకా వెళ్ళిందంటే పైపైన ప్లాస్టరింగ్ చేసి లాభం లేదు. రాతి పలకల వెనక ఇనుప క్లాంపులు ఉన్నచోట కూడా ఇదే కథ, కాకపోతే ఈసారి పలక మొత్తం జారుతుంది.

కిటికీల గొడవ వేరు. సన్నటి ఉక్కు ఫ్రేమ్, ఒంటి అద్దం. చలికాలంలో అద్దానికి చెమ్మ పట్టి కారుతుంది. కరెంటు ఖర్చు తగ్గుతుందని డబుల్ గ్లాస్ ఉన్న లావుపాటి అల్యూమినియం ఫ్రేమ్ పెడితే, భవనం ముఖమే మారిపోతుంది. ఆ నిష్పత్తుల కోసమే కదా దాన్ని కాపాడుతున్నది! వేడి బయటికి పోకుండా, ఫ్రేమ్ లావెక్కకుండా చూడడం ఎలా అన్నదే ఈ రంగంలో రోజువారీ తలనొప్పి. జీతం ఇచ్చేది దానికే.

ఇక ఊరి పునరభివృద్ధి. కోమో మాస్టర్ ప్లాన్ పోటీని 1934లో తెర్రాన్యి ఉన్న బృందమే గెలిచింది. పాత పేట కొర్తెసెల్లాను కూల్చి కొత్తగా కట్టాలన్న ఆలోచన ఆ రోజులదే. పేట కూలింది గానీ, తెర్రాన్యి దాని కోసం గీసిన డిజైన్లు కాగితం మీదే ఉండిపోయాయి. దగ్గరి కాలపు ఉదాహరణ తికోసా, పట్టు అద్దకం ఫ్యాక్టరీ. మూతపడ్డ చాలా ఏళ్ళకు, 2007లో కూల్చారు. తర్వాత నేలలో యాస్‌బెస్టాస్ లాంటి కాలుష్యం తేలి, శుభ్రం చేసే పనే ఏళ్ళ తరబడి సాగింది. శాంతారెల్లా అని పిలిచే కాంక్రీటు బాయిలర్ భవనం ఒక్కటి మిగిలింది. మట్టి పరీక్ష ముందు, కూల్చడం తర్వాత అన్న క్రమం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు.

మీ బావమరిది గారి మాట దగ్గరికొస్తే: ఇటలీలో 1925 నాటి రాజ శాసనం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. రక్షిత భవనాల మీద పనులు ఆర్కిటెక్టులకే, అందులో సాంకేతిక భాగం మాత్రం ఇంజనీర్లూ చేయొచ్చు. పైగా 70 ఏళ్ళు దాటి, రూపశిల్పి బతికిలేని ప్రభుత్వ భవనం ఏదైనా, పరిశీలన పూర్తయ్యేదాకా రక్షితంగానే లెక్క. 1930ల భవనాలు ఆ లెక్కలోకి ఎప్పుడో వచ్చేశాయి. కాబట్టి ఆమె చేతిలో ఉన్న బి.ఆర్క్ వదులుకోవద్దు. ఐదేళ్ళూ ఇక్కడే పూర్తిచేసి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ చేయించుకున్నాకే వెళ్ళాలి. అక్కడి మూడేళ్ళ డిగ్రీ మాత్రమే ఉంటే ఇటలీలోనే జూనియర్ ఆర్కిటెక్టు హోదా దగ్గర ఆగిపోతారు.

చేయాల్సింది లౌరెయా మజిస్త్రాలె, అంటే అక్కడి పీజీ: రెండేళ్ళు, 120 క్రెడిట్లు. కోమో మీద ఎంత ఇష్టమున్నా చదువుకు మాంటువా, తూరిన్, రోమ్ చూసుకోవాలి. మిలాన్ పొలిటెక్నికో వాళ్ళు మాంటువాలో ఆర్కిటెక్చరల్ డిజైన్ అండ్ హిస్టరీ ఇంగ్లీషులోనే చెబుతారు. తూరిన్‌లో ఆర్కిటెక్చర్ ఫర్ హెరిటేజ్, రోమ్ సపియెంజాలో కన్జర్వేషన్ ఉన్నాయి. ఫీజు మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ప్రాంతీయ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు మాఫీతో పాటు ఖర్చులకూ కొంత ఇస్తారు. దానికి ఆదాయం, ఆస్తి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలు తహశీల్దారు ఆఫీసు నుంచి తీసుకుని, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి, ఇటాలియన్‌లోకి అనువదించాలి. మనవాళ్ళు తప్పేది రెండు చోట్ల. వాళ్ళ ఆదాయ లెక్క జనవరి నుంచి డిసెంబర్, మన ఐటీ రిటర్న్ ఏప్రిల్ నుంచి మార్చి. రెండోది ఇంటిపేరు: టెన్త్ మెమోలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఇది ఇప్పుడే సరిచేయించండి, వీసా దశలో కుదరదు. సీటొచ్చాక విదేశీ విద్యార్థుల కోసం ఇటలీ ప్రభుత్వం నడిపే యూనివర్సితాలీ పోర్టల్‌లో ప్రీ ఎన్‌రోల్‌మెంట్, తర్వాత వీసా. అక్కడ దిగిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలి.

సంపాదన గురించి దాపరికం వద్దు. ఇటలీలో 1.5 లక్షలకు పైగా ఆర్కిటెక్టులున్నారు. కుర్రవాళ్ళలో చాలామందికి నెల జీతం ఉండదు, సొంత పన్ను నంబరు మీద బిల్లు పెట్టుకుంటూ పనిచేస్తారు. కోర్సు ఇంగ్లీషే అయినా సైట్లో మేస్త్రీ, ఆఫీసులో ఫైలు, లైసెన్స్ పరీక్ష అన్నీ ఇటాలియన్. చదువు ముగిసేలోపు ఇటాలియన్‌లో బి2 స్థాయి (ధారాళంగా మాట్లాడే మెట్టు) రాకపోతే అక్కడ ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దు. చదువుకునేటప్పుడు వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు, ఆ డబ్బు గది అద్దెకు సరిపోతే గొప్పే.

పోర్ట్‌ఫోలియోలో తెర్రాన్యి ఫొటోలు వద్దు. గుంటూరులోనో సికింద్రాబాద్‌లోనో 1940ల నాటి కాంక్రీటు ఇల్లో సినిమా హాలో ఒకటి చూసి, యజమానిని అడిగి కొలవమనండి. ప్లాన్లు 1:100లో, ఒక కిటికీ మాత్రం 1:5లో, పగుళ్ళు, చెమ్మ, పెచ్చులు ఒక్కోదానికి ఒక్కో రంగుతో ఎలివేషన్ మీద. ఏ పగులు ఎందుకొచ్చిందో పక్కన రెండు వాక్యాలు. నాలుగైదు ఆదివారాల పని. కొలిచేటప్పుడు గది మూల నుంచి మూలకు కర్ణం కూడా తీయాలి. పాత గదులు లంబకోణంలో ఉండవు, నాలుగు గోడలే కొలిస్తే ఇంటికొచ్చాక గీసేటప్పుడు ప్లాను గీతలు చివర్లు కలవవు. ప్రాక్టికల్ ట్రైనింగ్‌కు కూడా విల్లాల ఆఫీసు కాకుండా కన్జర్వేషన్ పనిచేసే ఆఫీసు వెతకమనండి. రికమెండేషన్ లెటర్ అక్కడి నుంచి వస్తేనే పనికొస్తుంది.