ఆన్‌లైన్ టూల్ చూపించే ధరకు సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?

హన్మకొండలో ఉంటున్నామని, 9 లక్షల లోపు పాత నెక్సాన్ ఈవీ కోసం చూస్తున్నామని రాశారు. ధరలు పోల్చే టూల్‌లో 'సరైన ధర' అని వచ్చిన బండికి అడ్వాన్స్ ఇవ్వొచ్చా అని అడిగారు. ఆ ఒక్క అంకె చూసి మాత్రం ఇవ్వకండి. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి అది పనికొస్తుంది, అంతవరకే. పోయినేడు మా బావ కోసం నేను కూడా రెండు నెలలు ఇదే పని మీద తిరిగాను.

2022 మోడల్, 40 వేల కిలోమీటర్ల లోపు అని పెట్టి వెతికితే ఒకే పేరున్న బండ్లకు రెండు లక్షలకు పైగా తేడా కనిపించింది. తక్కువ ధరవి చూసి సంబరపడ్డాం. తీరా అడిగితే సంగతి తెలిసింది. ఆ ఏడాది 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ బండ్లూ ఉన్నాయి, మేలో వచ్చిన 40.5 బ్యాటరీ మ్యాక్స్ బండ్లూ ఉన్నాయి. అమ్మేవాళ్లు చాలామంది ఉత్త 'నెక్సాన్ ఈవీ' అని రాసేస్తారు, టూల్ రెండింటినీ కలిపి లెక్క కడుతుంది. ముందు ఆర్సీ ఫోటో తెప్పించుకుని వేరియంట్ ఏదో తేల్చుకోండి.

ఇంకోటి, అందులో కనిపించేది అడిగే ధర, అమ్ముడుపోయిన ధర కాదు. బావ ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఆదివారం ధరలు రాసిపెట్టేవాడు. ఒక బండి దగ్గర 8.90 కొట్టేసి 8.60, అదీ కొట్టేసి 8.25 అని ఉంటుంది. మూడు వారాలు కదలని బండికి గట్టిగా బేరమాడొచ్చు.

అసలు విషయం బ్యాటరీ. అది ఏ టూల్‌కూ కనబడదు. మేం రెండు బండ్లను ఫుల్ ఛార్జ్ చేయించి, ఏసీ వేసి, 80 దాటకుండా స్టేషన్ ఘన్‌పూర్ దాకా వెళ్లొచ్చాం. ట్రిప్ మీటర్‌లో 56 కిలోమీటర్లు. ఒక డీలర్ దగ్గరి బండి 64 శాతానికి వచ్చింది, అంటే ఫుల్ ఛార్జ్‌కు 155 కిలోమీటర్లు. ఓనర్ దగ్గర చూసిన బండికి 72 శాతం మిగిలింది, అంటే 200. రెండూ 30.2 బండ్లే, ఒకే ఏడాదివి. టూల్‌లో మొదటిది 40 వేలు చవక, పైగా 'మంచి డీల్' అని పచ్చగా చూపించింది. ఆ డీలర్‌ను బ్యాటరీ రిపోర్ట్ అడిగితే రేపు, ఎల్లుండి అంటూ తిప్పాడు. నాకు నిజంగా బాధేసింది. రోజూ దూరం తిరిగేవాళ్లు అలాంటి బండి కొంటే ఎంత ఇబ్బంది!

వారంటీ తేదీ కూడా చూడండి. ఈ బండ్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2020లో తీసుకున్న బండికి 2028తో అయిపోతుంది. పేరు మారాక వర్తిస్తుందా అన్నది సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి.

'నేను రోడ్ టాక్స్ కట్టాను' అని ఎవరైనా ధర పెంచితే ఒప్పుకోకండి. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా కొత్త ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ. కాబట్టి ఆ మాఫీతో కొత్త బండి ఎంతకు వస్తుందో కనుక్కుని, దాని పక్కన పెట్టి చూడండి.

బావ చివరికి ఓనర్ బండే తీసుకున్నాడు. రోజూ వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లొస్తాడు, రెండు రోజులకోసారి రాత్రి ఇంట్లోనే ఛార్జింగ్ పెడుతున్నాడు.